మొండోడి ఎడమ చెవి

నా ఎడమ చెవి పై అంచున చిన్న గాటు ఉంది. చిటికెన వేలి గోరు అందులో సరిగ్గా పడుతుంది. అది ఎలా పడిందో మా వీధిలో తెలియని పిల్లలు లేరు. చిన్నప్పుడు నేను అడవి దారిన ఒంటరిగా వస్తుంటే చిరుతపులి మీదికి దూకింది. నేను తల ఇటు తిప్పాను. దాని నోటికి చెవి అంచు మాత్రమే చిక్కింది. అది కాస్త నమిలి, మొహం వికారంగా పెట్టి, ఉమ్మేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ పులి జన్మలో మనిషి జోలికి పోలేదనీ, దుంపలు తవ్వుకు తిని బతికిందనీ చెప్పుకున్నారు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఉంటే గింటే పులి పొడవులో ఓ జానెడు అటూ ఇటూ.

ఆ గాటే ఒక తెల్ల ఎలుకను, ఒక ఆడపిల్ల మూడేళ్ల కష్టాన్ని నిలబెట్టింది. ఇది మాత్రం అచ్చంగా నిజం. అనుమానముంటే మా చెల్లెల్ని అడగండి. నేను పొద్దు తూర్పున పొడుస్తుందన్నా ఒప్పుకోని మనిషి ఆవిడ. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటుంది.

మా చెల్లెలు పై వాటాలో ఉంటుంది, నేను కింది వాటాలో. ఆవిడ కూతురి కూతురు చిటికె కూడా పైనే ఉంటుంది. అసలు పేరు వేరే ఉంది కానీ, చిన్నప్పుడు ఏ పని చెప్పినా "చిటికెలో చేస్తా" అనేది కాబట్టి ఆ పేరు పెట్టాను. పెద్దయ్యాక అది ఎంచుకున్న పని చూడండి, మూడేళ్లయినా తెమలలేదు. ఎలకలకు వచ్చే బ్లడ్ క్యాన్సర్ మీద పరిశోధన.

"ఎలకలకు క్యాన్సర్ వస్తే వాటి పెద్దవాళ్లు చూసుకుంటారు కదే, మధ్యలో నీకెందుకు?" అన్నాను మొదటిసారి విన్నప్పుడు.

"తాతయ్యా, నీ బ్రేకుల్లేని సైకిల్ కథ చెప్పు, తర్వాత నేను చెప్తా" అంది.

చెప్పాను. కొండ మీది నుంచి సైకిల్ మీద దిగుతుంటే రెండు బ్రేకులూ తెగాయి. ఎంత వేగంగా దిగానంటే నా నీడ వెనకబడిపోయింది. మర్నాడు పొద్దున దారి అడుక్కుంటూ ఇంటికొచ్చింది.

"అదే క్యాన్సర్" అంది చిటికె. "ఒంట్లో ప్రతి కణంలోనూ పెరగమని తోసే జన్యువులు ఉంటాయి, ఇక చాలు ఆగమని పట్టుకునేవీ ఉంటాయి. పట్టుకునేవాటిని ట్యూమర్ సప్రెసర్ జన్యువులంటారు. నీ భాషలో బ్రేకులు. అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి, రెండుంటాయి. ఇప్పుడు ఎలకల వైరస్ ఒకటి ఉంది. భయపడకు, మనుషులకు అంటదు. అది కణంలోకి దూరి, జన్యువుల వరుసలో ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది."

"కిక్కిరిసిన బస్సులో ఇద్దరి మధ్య కూలబడే లావుపాటి మనిషిలాగా."

"అచ్చం అలాగే. ఆ కూలబడే చోటు బ్రేకు జన్యువు మీద అయిందనుకో, బ్రేకు పోయింది. రెండోది కూడా పోతే ఇక తెల్ల రక్తకణాలు పుట్టుకొస్తూనే ఉంటాయి. అన్నీ పచ్చివి, పనికిరానివి. అందుకని నేను మూడో బ్రేకు ఉన్న ఎలకల్ని పెంచుతున్నాను. ఒకే కాన్పులో కొన్నింటికి మూడోది వస్తుంది, కొన్నింటికి రాదు. అన్నింటికీ పుట్టగానే వైరస్ ఎక్కిస్తాం. మూడో బ్రేకు ఉన్నవి ఎక్కువ కాలం బాగుంటే, నా మాట నిజమైనట్టు."

"ఉన్నాయా మరి?"

"ఇంకా తెలీదు" అని లేచిపోయింది. ఆ పిల్ల మూడేళ్లుగా ఇస్తున్న జవాబు అదే.

ఒకసారి బంధువుల్ని రానిచ్చే రోజున నన్ను, మా చెల్లెల్ని ఎలకల్ని చూడ్డానికి దాని ల్యాబుకు తీసుకెళ్లింది. లోపలికి కాదు, వరండాలో గాజు అద్దం ఇవతలి దాకా. అయినా తలకు టోపీ, కాళ్లకు సంచులు తొడిగారు. మా చెల్లెలు నన్ను చూసి "పెనంలో దూకబోయే గుడ్డులా ఉన్నావు" అంది. అద్దం అవతల గోడ పొడుగునా అరలు, అరల్లో పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలు, పెట్టెల్లో రంపపు పొట్టు. గాలి తోసే యంత్రం ఒకటి ఆగకుండా జోరీగలా పాడుతోంది. పెట్టెకొక చీటీ. చిటికె లోపలి నుంచి ఒక పెట్టె తెచ్చి అద్దానికి దగ్గరగా పెట్టింది. అందులో ఒంటరిగా ఒక తెల్ల ఎలుక, వెనక కాళ్ల మీద లేచి మీసాలు ఆడించింది.

"మొండోడు" అంది చిటికె మాస్కు వెనక నుంచి. "ఎత్తుకోబోతే గ్లౌజు కొరుకుతాడు."

"నాకు నమస్కారం పెడుతున్నాడే" అన్నాను.

"నీ మొహం. మూతి తుడుచుకుంటున్నాడు" అంది మా చెల్లెలు.

ఆ ఎలుకలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటే ఎవరెవరో ఎలా తెలుస్తుందని అప్పుడే అడిగాను. చెవులతోనట. పాలు మానగానే చెవి అంచున గాటు పెడతారు, బస్సు టికెట్‌కు కండక్టర్ చిల్లు పెట్టినట్టు. ఆ తెగిన చిన్న ముక్కనే పరీక్ష చేసి ఎవరికి మూడో బ్రేకు ఉందో తేలుస్తారు. ఇక ఆ రోజు నుంచి చెవే పేరు, చెవే ఇంటిపేరు. కుడి చెవికి ఒక్క గాటుంటే ఒకడు, రెండు చెవులకూ ఉంటే ఇంకొకడు. మొండోడికి రెండు చెవులకూ గాట్లున్నాయి. చీటీ ప్రకారం ఆ గాట్లవాడు మూడో బ్రేకు లేని మామూలు ఎలుక.

అక్కడే వచ్చింది చిక్కు.

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం చిటికె నా వాటాలోకి వచ్చి కుర్చీలో కూలబడింది. మా చెల్లెలు పైనుంచి టీ గ్లాసులు పట్టుకుని దిగి, దాని మొహం చూసి గ్లాసు నాకు ఇవ్వడం మర్చిపోయింది.

"ఏమైందే?"

"మంగళవారం మీటింగు. పెద్దమేడమ్ నా ఎలకల్ని ఆపేస్తానంటున్నారు."

పెద్దమేడమ్ అంటే దాని పరిశోధనకు పైన ఉండే ఆవిడ. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని బల్లంతా వెతుకుతుందట. అంతకుమించి ఆవిడ మీద చాడీ ఎప్పుడూ వినలేదు, మంచి మనిషే.

"ఆపేయడం అంటే?" అన్నాను.

"ఆపేయడమంటే ఆపేయడమే తాతయ్యా. మూడో బ్రేకు ఎలకలు ఇక ఉండవు. మొండోడు కూడా. ఆ అరలు ఇంకొకరికి ఇస్తారు. నేను మళ్లీ మొదటి మెట్టు నుంచి ఇంకేదో మొదలెట్టుకోవాలి."

"ఎందుకట?"

చిటికె చెప్పింది. దాని దగ్గరున్నవే గుప్పెడు ఎలకలు. బ్రేకున్నవాడినీ లేనివాడినీ జతగా చూస్తే, చాలా జతల్లో మూడో బ్రేకు ఉన్నవాడు కాస్త ఆలస్యంగా జబ్బుపడ్డాడు. తేడా ఉంది కానీ వేలెడంత. ఒక్క జతలో మాత్రం తలకిందులైంది. ఒకే కాన్పు అన్నదమ్ములు. మూడో బ్రేకు ఉన్నవాడు అందరికంటే ముందు జబ్బుపడితే, బాధ ముదరకముందే నిద్రపుచ్చారు. ఏ బ్రేకూ అదనంగా లేని మొండోడేమో బస్తా మోసే కూలీలా తింటూ చక్రం మీద పరుగులు పెడుతున్నాడు. ఆ ఒక్క జతతో దాని లెక్కంతా నేల మట్టమైంది.

"మేడమ్ అన్నదీ నిజమే" అంది. "బ్రేకు ఉన్నవాడు ముందు పోయి, లేనివాడు మిగిలితే అది బ్రేకు ఎలా అవుతుంది? నాకు మాత్రం ఎందుకో మనసొప్పట్లేదు."

"మనసొప్పకపోతే ఒప్పించు" అన్నాను. "రెండు చెవులకూ గాట్లున్న మొండోడంత గట్టివాడు వాళ్ల వంశంలోనే ఇంకోడు లేడని చెప్పు. వాళ్ల ముత్తాత పిల్లిని తరిమి..."

"తాతయ్యా! అది మీటింగు. నీ అరుగు కాదు. అక్కడ పులులు నడవవు."

నాకు కాస్త రోషం వచ్చింది. "నా పులికేం తక్కువే? సాక్ష్యం ఉంది. ఇదిగో చెవి."

అప్పుడు మా చెల్లెలు టీ గ్లాసులు ఠపీమని బల్ల మీద పెట్టింది. పిల్ల బాధలో ఉంటే పులి కబుర్లేమిటని ఒళ్లు మండినట్టుంది.

"పులీ లేదు, గిలీ లేదు. ఆ చెవి కొరికింది నేను."

చిటికె తలెత్తింది.

"నువ్వా అమ్మమ్మా?"

"నేనే. బస్సులో కిటికీ సీటు కోసం. ఊరెళ్లేటప్పుడు నాది, తిరిగొచ్చేటప్పుడు నీది అని ఒప్పందం చేసుకుని మాట తప్పాడు ఈ మహానుభావుడు. పట్టుకుని కొరికేశా. డ్రైవరు బస్సాపి దింపేశాడు ఇద్దర్నీ. ఇన్నేళ్లుగా పులి పులి అని ఊరంతా చెప్పుకుంటుంటే పోనీలే అని ఊరుకున్నా. నన్ను పులి అన్నా నాకు గొప్పే కదా అని."

ఇక నేను మాత్రం ఊరుకుంటానా? "ఓహో, అలాగా! మరి నీ చెవి సంగతి? దుద్దు లాగితే తెగిందని పిల్లలకు చెప్పావే. దుద్దు పెట్టుకునేది కింద. నీకు తెగింది పైన. అది చెప్పవేం?"

"చెప్తా, నాకేం భయం!" అని మా చెల్లెలు జుట్టు పక్కకు తోసింది. చిటికె పుట్టి బుద్ధెరిగాక ఆ చెవి పైభాగం చూసి ఉండదు. ఎప్పుడూ జుట్టు కిందే. పై అంచు నున్నగా, కొద్దిగా పొట్టిగా ఉంటుంది, కత్తెరతో కత్తిరించినట్టు. "మీ తాతయ్య కొరికిందే ఇది. నేను చిన్న గాటు పెట్టా, ఈయన అంచంతా భోంచేశాడు."

"ఆకలేసింది" అన్నాను.

చిటికె నవ్వుతుందనుకున్నాం. నవ్వలేదు. లేచి వచ్చి ముందు నా చెవి పట్టుకుని చూసింది, తర్వాత వాళ్ల అమ్మమ్మది. మళ్లీ నాది. వెటర్నరీ డాక్టరు పశువును చూసినట్టు చూసింది.

"ఇద్దరివీ ఎడమ చెవులే" అంది.

"అవును మరి, ఎదురెదురుగా నిలబడి జుట్లు పట్టుకున్నాం. కౌగిలించుకున్నట్టే ఉంటుంది. ఎవరి మూతికి దగ్గరున్నది వాళ్లు కొరికాం" అంది మా చెల్లెలు.

"కౌగిలించుకున్నట్టు..." అని చిటికె గాలిలో రెండు పిడికిళ్లు ఎదురెదురుగా పెట్టి, ఒకదాని పక్కకు ఒకటి జరిపింది. పిల్లకు మతి పోయిందనుకున్నాను.

"తాతయ్యా, వాళ్లు కూడా కొట్టుకున్నారు."

"ఎవరు?"

"మొండోడూ వాళ్ల అన్నా! నేను జ్వరంతో పడుకున్న వారంలో. ఎలకల్ని చూసే డాక్టరు గారు ఇద్దర్నీ విడదీసి చెరో పెట్టెలో పెట్టారు. నేను వెళ్లేసరికి గాయాలు మానిపోయాయి. కొత్త పెట్టెలకు చీటీలు రాయాలిగా, చెవులు చూసి రాశాను. రెండు చెవులకూ గాట్లున్నాయి, మామూలువాడు. కుడి చెవికే ఉంది, మూడో బ్రేకువాడు. అంతే చూశాను. ఏ గాటు నేను పెట్టిందో, ఏ గాటు పక్కవాడి పళ్లకు పడిందో చూళ్లేదు!"

మా చెల్లెలికి ఇంకా అందలేదు. నాకు అందినట్టే ఉంది కానీ పూర్తిగా కాదు. చిటికె నా చెవి మళ్లీ పట్టుకుంది.

"మొండోడు మొదట ఒక్క కుడి గాటువాడే అనుకో. వాళ్లన్న వీడి ఎడమ చెవిని చిన్నగా కొరికాడు, నీ చెవిలాగా. ఇప్పుడు రెండు చెవులకూ గాట్లున్నట్టు కనిపిస్తాడు. అన్నకు నిజంగానే రెండు గాట్లున్నాయి. మొండోడు వాడి ఎడమ చెవి అంచంతా, గాటుతో సహా కొరికేశాడు. అమ్మమ్మ చెవిలాగా. ఇక వాడికి కుడి గాటు ఒక్కటే మిగులుతుంది. వాళ్ల పేర్లు మారిపోయాయి!"

"నా చెవి చూసి చెప్తున్నావా ఇదంతా?" అన్నాను ఛాతీ విరుచుకుని.

"ఇద్దరి చెవులూ చూసి" అంది మా చెల్లెలు.

అప్పటికే చిటికె గుమ్మం దాటిపోయింది. ఒక కాలికి దాని చెప్పు, ఒక కాలికి నాది.

నా చెప్పు కోసమే వెళ్లామని బయట ఎవరడిగినా చెప్పాను. అసలు సంగతి, ఇంట్లో కాలు నిలవలేదు. మా చెల్లెలు ఫ్లాస్కులో టీ పోసుకుని వెంట బయల్దేరింది. ల్యాబు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. చిటికె మధ్యమధ్య తల బయటపెట్టి ఏం చేస్తోందో చెప్పి లోపలికి దూరిపోయేది. చనిపోయిన అన్న ప్లీహం ముక్క ఫ్రీజర్లో దాచి ఉందట. అది తీసింది. మొండోడి చెవి నుంచి చిన్న చినుకంత ముక్క తీసుకుంది. వాడు గ్లౌజు కొరికాడట, వాడి గౌరవం వాడు నిలబెట్టుకున్నాడు.

"చెవి ముక్క చాలా? చెవులతోనేగా గొడవంతా" అంది మా చెల్లెలు.

"చెవి ఆకారం అబద్ధం చెప్పింది అమ్మమ్మా. చెవి లోపలున్న జన్యువు చెప్పదు. దాన్ని ఎవడూ కొరకలేడు."

చాలాసేపు పట్టింది. ఫ్లాస్కు ఖాళీ అయింది. మా చెల్లెలు నాతో కిటికీ సీటు అని పాత పంచాయితీ మళ్లీ తీసింది. నేను అసలు ఆ రోజు బస్సు వెనకాల పులి కూడా పరిగెత్తుకొచ్చిందనీ, నువ్వు చూడలేదనీ అన్నాను. ఆ బెంచీ చివర్న కిటికీ ఉంది. ఆవిడ అక్కడే కూర్చుంది.

చివరికి చిటికె మమ్మల్ని లోపలి చిన్న గదికి పిలిచింది. కంప్యూటర్ తెర మీద నల్లటి నేపథ్యంలో తెల్లటి గీతలు మెరుస్తున్నాయి.

"మామూలు ఎలకకు ఒక్క గీత వస్తుంది. మూడో బ్రేకువాడికి అదనంగా ఇంకొకటి, పైన" అంది. "ఇది అన్న. ఇది మొండోడు."

అన్న గడిలో ఒక్క గీత. మొండోడి గడిలో రెండు.

మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. కిటికీ సీటు తర్వాత ఆవిడ నన్ను పట్టుకోవడం అదే అనుకుంటాను. నేను "గెలిచావే చిటికే!" అని అరవబోయాను.

"ఉష్! ఇంకా కాదు" అంది. "మళ్లీ చెయ్యాలి. ఒక్కసారి వస్తే అది తాతయ్య పులి. రెండోసారి కూడా వస్తేనే అది ఎలుక."

ఆదివారం మళ్లీ చేసింది. మళ్లీ అవే గీతలు వచ్చాయి.

మంగళవారం మీటింగు నుంచి వస్తుందని నేను గుమ్మంలో, మా చెల్లెలు మేడ మెట్ల మీద కాపలా కాశాం. చిటికె వచ్చింది. మొహంలో సంతోషమూ లేదు, ఏడుపూ లేదు.

"మేడమ్ ఏమన్నారో తెలుసా? నీకు అక్కర్లేని జవాబు వచ్చిన జతనే మళ్లీ పరీక్ష చేశావు, నీకు నచ్చిన జవాబులు వచ్చినవాటిని ఎందుకు చెయ్యలేదు, అన్నారు."

"అదేం మాటే! పిల్ల కష్టపడితే..." అని మా చెల్లెలు కొంగు బిగించింది.

"కాదమ్మమ్మా. ఆవిడ అన్నది న్యాయం. చెవులు చూసే కదా అందరికీ చీటీలు రాసింది? ఒకడి చెవి తప్పయితే ఇంకెవరిదైనా తప్పవచ్చు. అన్నింటి ముక్కలూ తీసి, ఏది ఎవరిదో నాకు తెలియకుండా అంకెలు మార్చి, మేడమే ఇచ్చారు. అన్నీ చేసేదాకా ఆపడం ఆపారు."

"ఆపడం ఆపారు" అన్నమాట నాకు బాగా నచ్చింది. బ్రేకుకు బ్రేకు వేసినట్టు.

ఆ వారమంతా పై వాటాలో అడుగుల చప్పుడు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. చిటికె మాత్రం మొండోడి పేరు ఎత్తలేదు. నేను కూడా పులి పేరు ఎత్తలేదు. ఎంత కష్టమో మీకు తెలియదు.

తర్వాత ఒక సాయంత్రం అది మెట్లు రెండేసి దూకుతూ దిగిన చప్పుడు విని, తలుపు తీసేశాను.

"మిగతా చెవులన్నీ నిజమే చెప్పాయి! మారింది వాళ్లిద్దరే. మొండోడిని సరైన వైపు పెడితే లెక్క నిలబడింది తాతయ్యా. ఎలకలు ఉంటాయి. అరలు నావే. ఇంకో రెండు కాన్పులు పెంచమన్నారు!"

మా చెల్లెలు పైనుంచి అరిచింది, "మొండోడికి క్యాన్సర్ రాదన్నమాట!"

"వస్తుంది అమ్మమ్మా. ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ మూడో బ్రేకునూ వెతుక్కుంటుంది. కాకపోతే వాళ్లన్న కంటే చాలా ఆలస్యంగా. ఆ ఆలస్యం ఎంతో చూడ్డమే నా పని." తర్వాత మళ్లీ నవ్వింది. "ఇవాళ మాత్రం చక్రం మీద పరుగే పరుగు."

ఆ రాబోయే రోజు గురించి నాకు ఏ కథా తోచలేదు.

"ఈ ఆలోచన ఎలా వచ్చిందని మేడమ్ అడిగారా?" అన్నాను, చెవి కాస్త ముందుకు తిప్పి.

"అడిగారు. మా ఇంట్లో అలా కొరుక్కున్న జత ఒకటుందని చెప్పా. చూడ్డానికి వస్తామన్నారు అందరూ."

"రమ్మను. పులి ఎటునుంచి దూకిందో చూపిస్తా."

"ఇకనుంచి కొత్త పిల్లలకు చెవి గాట్లు నమ్మం తాతయ్యా. తోకకు పచ్చబొట్టు వేస్తున్నాం. చుక్కలతో."

మెట్ల మీద మా చెల్లెలు జుట్టు సర్దుకుని చెవి మీదికి లాక్కుంటూ అంది, "నయం, ఈయనకు తోక లేదు. ఉంటే దానికి మొసలి కథ ఒకటి వినాల్సి వచ్చేది."

ఆవిడకు తెలియదు. మొసలి కథ నా దగ్గర ఉంది. మోకాలి మీది మచ్చకు.